పట్టి ఉంచిన బోణీ

నొక్కాను, అంతే. బిస్మిల్లా అనుకుని, కుడిచేతి చూపుడువేలితో, మనవరాలు ఆస్మా చూపించిన మీట మీద, పిండి నానిందో లేదో చూసినట్టు మెత్తగా నొక్కాను. కంప్యూటర్ తెర మీద చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలైంది. అది తిరుగుతుండగానే మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. ఫ్యాను రెక్కలు అలిసిపోయినట్టు ఇంకాసేపు తిరిగి ఆగాయి, వంటింట్లో ఫ్రిజ్జు ఒళ్ళు విదిల్చి ఊరుకుంది, బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. భవానీపురం మొత్తం ఒక్కసారిగా 'హో' అంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే ఊరంతా కలిసి అనే మాట అదొక్కటే. నా వేలు మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకోవాలో, అలాగే ఉంచాలో తెలియలేదు.

"మళ్ళీ నొక్కకు నానీ! ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!" అని ఆస్మా నా చెయ్యి పట్టుకుంది.

"నేనెక్కడ నొక్కానే, వేలు ఇదిగో, ఇక్కడే ఉంది."

"ఇంతకీ బోణీ అయినట్టా, కానట్టా అమ్మా?" అని వెనక కుర్చీలోంచి బట్టల దుకాణం సీతారావమ్మ గారు అడిగారు. ఆవిడ గొంతు ఎప్పుడూ అంతే, కోపమైనా ప్రేమైనా ఒకటే పాళంలో ఉంటుంది, ఏది ఏదో తెలుసుకోవడం కష్టం.

"అదే తెలీదండీ," అంది ఆస్మా. "డబ్బు అడుగుతూ బ్యాంకుకి కబురెళ్ళింది. వాళ్ళ జవాబు మనదాకా వచ్చేలోపల నెట్టు పోయింది. ఇచ్చారో లేదో తెలీకుండా మళ్ళీ అడిగామనుకోండి, రెండుసార్లు పట్టుకున్నా పట్టుకోవచ్చు."

"విద్యాధరపురంలో కరెంటు ఉంటుందే, వాళ్ళది వేరే లైను," అంది హేమ, ఆస్మాతోపాటు కంప్యూటర్ చదువు చదివిన పిల్ల, అప్పటికే స్కూటీ తాళం వేలికి తిప్పుకుంటూ. "నెట్ సెంటర్‌కి పోయి బ్యాంకు పేజీలో చూసొద్దాం, పద."

ఇద్దరూ చున్నీలు మొహాలకి చుట్టుకుని ఎండలోకి దూకారు. స్కూటీ చప్పుడు సందు మలుపు దాకా వినిపించి తరవాత వినిపించలేదు. గదిలో నేనూ, సీతారావమ్మ గారూ, కీచుకీచుమనే పెట్టె, తెర మీద ఇంకా తిరుగుతున్న ఆ చక్రం మిగిలాం. మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని వచ్చి కూర్చున్నాను గనక సరిపోయింది, లేకపోతే ఈ దడతో నమాజులో రకాతుల లెక్క కూడా తప్పేదాన్ని. నా అల్లుడు తారిక్‌ది కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం. నేనూ ఉంటున్న ఈ వాళ్ళింట్లోనే ఇప్పుడు విసనకర్ర దొరకడం లేదు. ఈ కథ ఆయనకి చెబితే నవ్వడు, పైగా నేను నొక్కింది ఆయన కార్డు మీదే.

చక్రం తిరుగుతూనే ఉంది. లోపల ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టు. దాన్ని చూస్తుంటే నాకు రహ్మాన్ గుర్తొచ్చాడు, అంటే మా ఆయన, ఆస్మా తాత, అచ్చులు చెక్కేటప్పుడు ఎడమచేత్తో టేకుముక్కని ఇలాగే తిప్పేవాడు, ఉలి కదిలేది కాదు, ఆ ముక్కే ఉలి దగ్గరికి వచ్చి పువ్వయి వెళ్ళేది. పెడనలో బట్టల మీద అద్దే అచ్చులు సగం ఆయన చేతివే అని మా అత్తగారు పెళ్ళిచూపుల్లో చెప్పుకుంది, నిజం సగమే అయినా ఆ సగం చాలు. కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో నానిన బట్టల వాసన, కాలువలో బట్టలు జాడించే చప్పుడు, రాగి గుండిగల కింద పొగ, ఆ ఇంట్లో పెళ్ళికూతురిగా దిగినప్పుడు నాకు మొదట తెలిసినవి ఇవే, మొగుడి మొహం ఆ తరవాత తెలిసింది. ఆస్మా ఎండలు ముదరకముందు నుంచీ ఈ బల్ల ముందు కూర్చుని ఏదో రాస్తోంది. ఏం రాస్తున్నావే అంటే "లైబ్రరీ రాస్తున్నా నానీ" అంది. లైబ్రరీకి వెళ్ళి చదువుకుంటారు గానీ లైబ్రరీని రాస్తారటే అన్నాను. అప్పుడది నా పక్కన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని చెప్పింది. తాత అచ్చు చెక్కేవాడు కదా నానీ, అద్దేవాళ్ళు వేరే కదా, ఒక్కసారి చెక్కిన అచ్చుతో ఎంతమందైనా ఎన్ని బట్టలైనా అద్దుకునేవాళ్ళు కదా, ఇదీ అంతే, కార్డు నంబరు తీసుకోవడం, బ్యాంకుని అడగడం, జవాబు విని దుకాణం వాళ్ళకి చెప్పడం, ఈ పనంతా నేనొకసారి చెక్కి పెడతాను, ఏ దుకాణం వాళ్ళయినా తమ పేజీలో పెట్టుకుంటారు, మళ్ళీ మొదట్నుంచీ చెక్కుకోనక్కర్లేదు అంది. మరి అచ్చులో తప్పు పడితే అన్నాను. దాని మొహం చిన్నబోయింది. "పెట్టుకున్న ప్రతి దుకాణంలోనూ ఆ తప్పు పడుతుంది నానీ. అందుకే భయం" అంది. ఆ భయం చూసి నాకు ముచ్చటేసింది. రహ్మాన్‌కీ అదే భయం, చెక్కడం అయ్యాక అచ్చుని బుగ్గకి ఆనించుకుని కళ్ళు మూసుకుని చూసేవాడు, గరుకు తగిలితే మళ్ళీ కూర్చునేవాడు.

సీతారావమ్మ గారు పవిట చెంగుతో విసురుకుంటున్నారు. ఆవిడ కుర్చీ పక్కన బట్టల మూట ఉంది, ఫోటోలు తియ్యడానికని వన్‌టౌన్ దుకాణం నుంచి తెచ్చిన పెడన బట్టలు, దుప్పట్లు, చీరలు, గోడకి వేసుకునేవి. ఆ ఫోటోలే ఇప్పుడు కంప్యూటర్లో దుకాణం అయి కూర్చున్నాయి. ఎక్కడో ఢిల్లీలో ఉన్నవాళ్ళు, బొంబాయిలో ఉన్నవాళ్ళు చూసి, కార్డు మీద డబ్బు కట్టి, ఇంటికి తెప్పించుకుంటారట. ఈ పని హైదరాబాదు వాళ్ళెవరికో అప్పజెబుదామని ఆవిడ కొడుకు అంటుంటే, ఆవిడే, పిల్ల మన పంజా సెంటర్ పిల్ల, రహ్మాన్ గారి మనవరాలు, అదేం చేస్తుందో చూసి అప్పుడు చెబుతాను అన్నారట. చూడటానికే ఇవాళ వచ్చారు. ఆవిడ ఊఁ అంటే బజారులో మిగతా బట్టల దుకాణాల వాళ్ళూ ఊఁ అంటారు, ఆస్మా చెక్కిన అచ్చు ఊరంతా తిరుగుతుంది. ఉహుఁ అంటే ఆస్మా రాసిందంతా ఈ పెట్టెలోనే ఉండిపోతుంది. నా మనవరాలి సంగతి ఆ చక్రం చుట్టూ తిరుగుతోంది, ఆ చక్రాన్ని తిప్పింది నా వేలు.

నా వేలే ఎందుకు? అది చెప్పాలి. ఒకప్పుడు వన్‌టౌన్‌లో నన్ను మెహబూబ్ బీ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. బోణీ బూబమ్మ అనేవాళ్ళు. పెడన నుంచి కాపురం పంజా సెంటర్ సందులోకి మార్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే సీతారావమ్మ గారి దుకాణంలో జాకెట్ ముక్క కొన్నాను. ఆ రోజు వాళ్ళకి గుడివాడ నుంచి పెళ్ళివారు దిగి దుకాణం సగం ఊడ్చుకుపోయారు. ఇంకోసారి కొన్నాను, ఇంకోసారీ అలాగే అయింది. అంతే, నా చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వస్తే చాలు, "బూబమ్మ గారూ, ఓ జేబురుమాలైనా కొనరూ" అని ఒకరు, "మా మిషను కొత్తది, మొదటి కుట్టు మీరే వెయ్యాలి" అని ఒకరు. సీతారావమ్మ గారి భర్త అయితే షట్టరెత్తి, అగరొత్తి వెలిగించి, నేను వచ్చేదాకా ఇంకొకళ్ళకి మూర గుడ్డ కూడా చింపేవాడు కాదు. నేనిచ్చిన నోటు రెండు చేతులా తీసుకుని, కుడికన్నుకి ఒకసారి, ఎడమకన్నుకి ఒకసారి అద్దుకుని, గల్లాపెట్టెలో పడేసేవాడు. బోణీ బేరం ఆడకూడదు, బోణీ అప్పు పెట్టకూడదు, బోణీ సొమ్ము వెనక్కి ఇవ్వకూడదు. పిల్లలకి అక్షరాలు వచ్చినట్టు బజారుకి ఇవి వచ్చు. నాకు వీటి మీద నమ్మకం ఉందా అంటే మా మౌల్వీ సాబు ముందు లేదనే చెబుతాను. కానీ అంతమంది పొద్దున్నే నీ మొహం కోసం చూస్తుంటే, ఆ నడక వేరు, ఆ గాజుల చప్పుడు వేరు. రహ్మాన్ నవ్వేవాడు, "నా చెయ్యి చెక్కితే పువ్వొస్తుంది, నీ చెయ్యి ఊరికే చాపితే డబ్బొస్తుంది, మనిద్దర్లో పనిమంతురాలివి నువ్వే" అనేవాడు.

కీచుమనే పెట్టె ఒకసారి పొడుగ్గా అరిచి ఆగిపోయింది. తెర నల్లబడింది. చక్రం పోయింది. ఆ నల్లటి తెరలో నేను కనబడ్డాను, తల మీద తెల్ల దుపట్టా, వెనకాల సీతారావమ్మ గారి తెల్లటి నుదురు. ఇద్దరం ఒకే తెరలో. నేను చూపు తిప్పుకున్నాను, ఆవిడా తిప్పుకున్నారు.

"పోయిందా?" అన్నారు.

"బ్యాటరీ అయిపోయిందనుకుంటానండీ. అరిచి అరిచి."

"పోనీలెండి. తలనొప్పి వదిలింది."

ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆవిడ మనసులో ఏముంది? బూబమ్మ వేలు పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ పేలింది అనుకుంటున్నారా? ఎందుకనుకోరు, నేనే అనుకుంటున్నాను. ఇన్నేళ్ళ తరవాత నా చెయ్యి బయటికి తీస్తే ఊరికి ఊరే చీకటయింది. పట్టపగలు గనక ఎవరికీ తెలియలేదు గానీ.

అసలు పొద్దున్నుంచీ నా లోపల ఇంకో ముల్లు గుచ్చుకుంటోంది, అదీ చెప్పాలి. ఆస్మా సీతారావమ్మ గారితో "బోణీ మా నానీ చేత్తో చేయిస్తానండీ" అంది, ఆవిడ ఊఁ అన్నారు. నాతో మాత్రం, అట్టు తింటూ, నోట్లో అట్టుతోనే, "ఇది ఉత్త టెస్టు నానీ, డబ్బు వెళ్తుందో లేదో చూసి మళ్ళీ వెనక్కి వదిలించేస్తాం" అంది. ఇన్నాళ్ళూ ఉత్తుత్తి కార్డు నంబర్లతో ఆడుకున్నారు ఈ పిల్లలు, గుజ్జనగూళ్ళు వండుకున్నట్టు, ఎంత వండినా ఎవరి కడుపూ నిండని డబ్బు అది. ఇవాళ మొదటిసారి నిజం కార్డు, నిజం డబ్బు. అది ఎలా వెళ్తుందో కూడా చెప్పింది. మీట నొక్కగానే డబ్బు దుకాణానికి పోదట, బ్యాంకు దాన్ని పట్టి ఉంచుతుందట, ఇది ఫలానా వాళ్ళది, ఇంకెవరూ ముట్టుకోవద్దు అని. దుకాణం వాళ్ళు సరుకు ఇచ్చాక, ఇచ్చాం, తీసుకుంటున్నాం అని చెబితే అప్పుడు తీసుకున్నట్టు. సరుకు ఇవ్వకపోతే, వదిలెయ్యండి అని చెబితే డబ్బు కట్టినవాళ్ళ దగ్గరికే పోతుంది. పట్టి ఉంచడం, తీసుకోవడం, వదలడం, మూడూ సరిగ్గా జరిగితేనే అచ్చు కుదిరినట్టు.

"బోణీ సొమ్ము వదిలెయ్యడమేమిటే?" అన్నాను.

"బోణీ అని ఆవిడకి చెప్పా నానీ. నీకు చెప్తున్నా, టెస్టు."

"ఒకే డబ్బు ఆవిడకి బోణీ, నాకు టెస్టు ఎలా అవుతుందే?"

"కంప్యూటర్‌కి రెండూ ఒకటే నానీ" అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. బోణీ నోటు కళ్ళకద్దుకుంటారు కదా, ఈ కంప్యూటర్లో ఏం కళ్ళకద్దుకుంటారే అని వెనకనుంచి అరిస్తే, "మానిటర్ ఎత్తి అద్దుకోమను!" అని పకపకా నవ్వింది. అది నవ్వితే నేను కరిగిపోతాను, ఊరుకున్నాను. కానీ ఇప్పుడు, ఈ ఉక్కలో, ఆవిడ నా వెనకే కూర్చుని ఉంటే, ఆ మాట నోట్లో పోకచెక్కలా అడ్డుపడి ఉంది. చెబితే ఆవిడ మూట కట్టుకుని లేచి పోవచ్చు, పిల్ల ఆశ అక్కడితో సరి. చెప్పకపోతే, ఆవిడ బోణీ అయిందని మురిసి ఇంటికి పోతే, ఈ పిల్లలు వెనకాల దాన్ని గుట్టుగా వదిలేస్తారు. నా చేతి మీద వాళ్ళ బోణీ వెనక్కి పోయినట్టు నాకొక్కదానికే తెలుసు. తెలిసి రేపటినుంచి ఆ దుకాణం ముందు ఎలా నడవను?

నడవడం అంటే గుర్తొచ్చింది. రహ్మాన్ పోయాక, ఇల్లు కదలని ఇద్దత్ నెలలు అయిపోయి నేను మొదటిసారి గడప దాటిన పొద్దు. ఎక్కడికి పోవాలో తెలియక కాళ్ళే ఆ దుకాణానికి తీసుకుపోయాయి. షట్టర్ సగం ఎత్తి ఉంది. అగరొత్తి వాసన బయటికి వస్తోంది. నా చేతులకి గాజులు లేవు, అందుకే నేను వస్తున్న చప్పుడు వాళ్ళకి వినబడలేదేమో, ఎదురుగా నిలబడ్డాక తలెత్తారు. గల్లా దగ్గర సీతారావమ్మ గారే ఉన్నారు. "రండి రండి బూబమ్మ గారూ" అన్నారు, లేచి నిలబడ్డారు కూడా. అని, ఒక్క క్షణం ఆగి, "కాసేపాగి రండేం, ఇంకా సర్దుకోలేదు" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో. పసిపిల్ల చేతిలోంచి చాకు తీసుకున్నట్టు. దుకాణం సర్దే ఉంది. అరల్లో బట్టలు ఒక్కటి కూడా చెదరలేదు. నేను సరేనండీ అని, ఏదో మరిచిపోయినదానిలా నెత్తి కొట్టుకుని వెనక్కి తిరిగాను. కోపం వచ్చిందా అంటే రాలేదు, ఇప్పటికీ రాదు, ఆవిడ నన్ను తిట్టలేదుగా, కోపం తెచ్చుకోవడానికి పట్టుకొమ్మ ఉండాలిగా. ఒక్కటే, ఆ రోజు నుంచీ పొద్దున్నే వాకిట్లోకి రావడం మానేశాను. పాలు పొయ్యి మీద పెట్టి అక్కడే నిలబడి పొంగేదాకా చూసేదాన్ని. జాకెట్ ముక్క కావలసినా సాయంత్రం అజాన్ అయ్యాక వెళ్ళేదాన్ని, అప్పటికి ఎవరి బోణీలు వాళ్ళకి అయిపోయి ఉంటాయి.

ఈవిడ విసిరే చెంగు ఆపేశారు. నిద్రపోతున్నారేమో అని ఓరగా చూస్తే కళ్ళు తెరిచే ఉన్నారు, మూట వైపు చూస్తూ. ఆవిడ నుదురు. ఆ నుదుటి మీద బొట్టు ఎంతుండేదని, చంద్రవంక దిద్ది దాని కింద చుక్క. ఆవిడ భర్త పోయాక ఒక పొద్దున నేను మందుల కోసం వెళితే, మందుల షాపు ముందు బల్ల మీద ఆవిడ కూర్చుని ఉన్నారు. ఒంట్లో బాగాలేదా అండీ అన్నాను. "ఆఁ, ఏం లేదు, ఊరికే" అన్నారు. అని రోడ్డుకి అవతల ఉన్న తన దుకాణం వైపే చూస్తున్నారు. లోపల కొడుకు ఉన్నాడు. ఒక ఆవిడ లోపలికి పోయింది, బేరమాడింది, కవరు పట్టుకుని బయటికి వచ్చింది. అప్పుడు లేచారు సీతారావమ్మ గారు. కొంగు సర్దుకుని, రోడ్డు దాటి, తన దుకాణంలోకి తాను, మొదటి బేరం అయిపోయాక, సాయంత్రం నేను పోయినట్టే పోయారు. ఎవరు పొమ్మన్నారు ఆవిడని? ఎవరూ అనలేదు. కొడుకు అలాంటివాడు కాదు. తనకి తానే, కాసేపాగి రండేం అని చెప్పుకున్నారు. మందులు కొనకుండానే నేను ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. సంతోషం కాదు, అల్లా సాక్షిగా సంతోషం కాదు. ఇప్పటికీ పొద్దున పూట ఆవిడ ఆ బల్ల మీదే కూర్చుంటారని హేమ చెప్పింది, మందుల షాపు వాళ్ళు ఆవిడ కోసం దాని మీద దిండు కూడా వేశారట.

మరి అలాంటి మనిషి ఇవాళ ఊఁ ఎందుకన్నారు? ఆస్మా మాట కొట్టెయ్యలేకా? కంప్యూటర్‌లో బోణీకి పాత లెక్కలు వర్తించవనా? కనబడని దుకాణం, కనబడని డబ్బు, కనబడని చెయ్యి. ఢిల్లీలో కొనేవాడి ఇంట్లో ఎవరున్నారో, ఎవరు పోయారో ఎవరికి తెలుసు. ఆ మీట నొక్కే చేతికి గాజులున్నాయో లేదో చక్రానికి తెలియదు. ఈ ఆలోచన రాగానే నాకు ఒక్క నిమిషం హాయిగా అనిపించింది, పుష్కరాల్లో జనం మధ్య తప్పిపోయిన పిల్లలా, ఎవరూ పేరు పెట్టి పిలవని హాయి. మళ్ళీ వెంటనే భయమేసింది. ఆస్మా ఇంకా రాలేదేం? విద్యాధరపురం ఎంత దూరం, మా కాలం నడకకే ఇంతసేపు పట్టదు. డబ్బు వెళ్ళిందా, వెళ్ళలేదా? వెళ్ళకపోతే నా చెయ్యి. వెళితే ఆ వదిలెయ్యడం. రెండుసార్లు వెళ్ళిందంటే తారిక్.

"ఏ గుడ్డ మీద నొక్కారు బూబమ్మ గారూ?" అన్నారు ఆవిడ, ఉన్నట్టుండి.

"దానిమ్మపువ్వు దుప్పటండీ. నీలం అంచుది."

"నేనూ అదే అనుకున్నా. ఒక రేకు తెగి ఉంటుంది దానికి."

ఆ రేకు సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను. మా అమ్మాయి, ఆస్మా తల్లి, పెడనలో పుట్టిన రోజు, మంత్రసాని లోపల్నుంచి కేక వేస్తే వసారాలో రహ్మాన్ ఉలి జారింది. చెక్కుతున్న దానిమ్మపువ్వులో ఒక రేకు చివర తెగిపోయింది. పొయ్యిలో పడేస్తానంటే అద్దేవాళ్ళు ఒప్పుకోలేదు, తీసుకుపోయారు. అప్పట్నుంచీ ఆ అచ్చుతో వేసిన ప్రతి బట్ట మీదా, ప్రతి పువ్వులోనూ, ఆ రేకు తెగే ఉంటుంది. ఆస్మా పొద్దున బొమ్మలన్నీ చూపించి ఏది కొంటావు నానీ అంటే నేను కళ్ళద్దాలు తుడుచుకుని వెతికింది ఆ రేకు కోసమే.

"మీ ఆయన చెక్కిందేగా. మా ఆయన చెప్పేవారు. బేరానికి వచ్చినవాళ్ళు తప్పుందండీ అంటే, తప్పు కాదమ్మా, ఆ రోజు వాళ్ళింట్లో ఆడపిల్ల పుట్టింది అనేవారు."

ఇక నా వల్ల కాలేదు. ఇంత మాట ఆవిడ నోటి నుంచి వచ్చాక ఆ పోకచెక్కని నోట్లో ఉంచుకోవడం నా వల్ల కాలేదు. "సీతారావమ్మ గారూ, ఒక మాట. ఈ డబ్బు వెళ్ళినా కూడా, పిల్లలు మళ్ళీ వెనక్కి వదిలేస్తారటండీ. పరీక్షకట. మీకు చెప్పకుండా ఉండలేను. బోణీ సొమ్ము."

బయట సోడా బండి వాడి గోలీ చప్పుడు ఒకటి వెళ్ళిపోయింది. ఆవిడ మూట ముడి మీద చెయ్యి వేశారు. లేస్తున్నారనుకున్నాను. అయిపోయింది, పిల్ల కొంప నా నోటితో ముంచాను, చెయ్యి చాలక నోరు కూడా పెట్టాను అనుకున్నాను. ఆవిడ చెయ్యి ముడి మీదే ఉంది, విప్పడమూ లేదు, బిగించడమూ లేదు. ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వినబడింది స్కూటీ.

"వెళ్ళింది నానీ! ఒక్కసారే వెళ్ళింది!" ఆస్మా చున్నీ విప్పకుండానే అరుస్తోంది, చెమటకి జుట్టంతా నుదుటికి అంటుకుపోయి. "బ్యాంకు పట్టి ఉంచింది. మధ్యలో నెట్టు పోయినా నా కోడు తికమక పడలేదు. చూశావా హేమా, నేను చెప్పలా?"

"చెప్పావులే తల్లీ, దారంతా ఏడ్చింది మాత్రం ఎవరు?" అంది హేమ.

"ఇంక ఒక్క పని. కరెంటు రాగానే దీన్ని వదిలెయ్యమని..." అంటూ ఆస్మా సీతారావమ్మ గారి వైపు చూసి ఆగిపోయింది. నా మొహం చూసింది. నేను చెప్పేశానని దానికి అర్థమైంది.

ఎవరు ఏం మాట్లాడినా ఆ తరవాత చెడిపోయేది. ఆవిడ పోనీలే అమ్మా అన్నా చెడిపోయేది, నా మీద జాలితో అన్నట్టు ఉండేది. అందుకే నేనే లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, బల్ల పట్టుకుని లేచి, మూట ముందుకి పోయి నిలబడ్డాను. పంజా సెంటర్‌లో నిలబడ్డట్టు.

"నా దుప్పటి ఏదండీ?" అన్నాను.

"నానీ, అది టెస్టు..."

"టెస్టు నీకు. నేను కొన్నాను. చూసుకుని, నచ్చి, బేరమాడకుండా కొన్నాను. డబ్బు పట్టి ఉంచారుగా, సరుకిస్తే తీసుకున్నట్టేగా, నువ్వేగా చెప్పావు? సరుకు ఇవ్వమను. మీ నాన్న డబ్బు సాయంత్రం నా పెట్టెలోంచి తీసి ఆయన చేతిలో పెడతాను, అది ఆయనా నేనూ చూసుకుంటాం. దీన్ని మాత్రం వదలడానికి వీల్లేదు."

"మరి వదలడం టెస్టు చెయ్యొద్దా?" ఆస్మా గొంతు సన్నబడింది.

"నా కార్డుతో చేద్దాం లేవే," అంది హేమ. "నాది ఎలాగూ మంచి చెయ్యి కాదు. ఏ పరీక్షా మొదటిసారి పాసవ్వలా. కావలసినంత పట్టి, కావలసినంత వదిలేసుకో."

సీతారావమ్మ గారు నవ్వారో లేదో నాకు తెలియదు, తల వంచి ముడి విప్పుతున్నారు. మూటలోంచి ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, అడుగున ఉన్న నీలం అంచు దుప్పటి లాగి, మడత విప్పి, వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి, చివర్లూ చిరుగులూ చూసి, కొన్నవాళ్ళకి చూపించినట్టు నాకు చూపించారు. పువ్వులన్నీ ఒక్కసారి గదిలోకి వచ్చాయి. ప్రతి పువ్వుకీ ఒక రేకు తెగి ఉంది. మళ్ళీ మడత పెట్టి, రెండు చేతులా నా చేతుల్లో పెట్టారు. కరక్కాయ వాసన. నేను దాన్ని ఎడమ చంకలో పెట్టుకున్నాను.

పెట్టుకున్నాక ఆవిడ కుడిచెయ్యి ముందుకి వచ్చింది, అరచెయ్యి పైకి. అలవాటు. సరుకిచ్చిన చెయ్యి అలా డబ్బు కోసం రావడం, ఎన్ని వేలసార్లు వచ్చి ఉంటుందో ఆ చెయ్యి. నేనూ అలవాటుగా నడుము దగ్గర వెతుక్కున్నాను, ఏమీ లేదు, డబ్బు ఎక్కడో బ్యాంకులో పట్టి ఉంది. ఆవిడ అరచెయ్యి ఖాళీగా ఉండిపోయింది. నల్లటి తెర వైపు ఒకసారి చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. ఆస్మా ఏదో చెప్పబోతే హేమ దాని చెయ్యి గిల్లింది.

"ఏదండీ, నొక్కింది ఏ వేలు?" అన్నారు సీతారావమ్మ గారు.

కుడిచెయ్యి చాపాను. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు, నోటు పట్టుకున్నట్టు. ముందు కుడికన్నుకి అద్దుకున్నారు, తరవాత ఎడమకన్నుకి. ఆవిడ రెప్పలు నా వేలికి తగిలాయి, వేడిగా, తడిగా. గదిలో గాలి లేదు, ఇద్దరికీ చెమటే, ఏది ఎవరిదో చెప్పడం కష్టం.